మే నెల లేని మైలేజీ

మన దేశంలో వాహనాల ప్రకటనలలో కనిపించే మైలేజీ అంకెలన్నీ ఒకే ఊరిలో పుట్టినవి. ఆ ఊరికి మే నెల రాదు. మృగశిర కార్తె రాదు. పుష్యమాసపు మంచు కురవదు. ఏడాది పొడుగునా అక్కడి ఉష్ణోగ్రత 20 నుండి 30 డిగ్రీల మధ్యనే ఉంటుంది. ఎదురుగాలి వీచదు, రోడ్డు మీద నీళ్ళు నిలవవు. అసలక్కడ రోడ్డే లేదు. బండి ఉన్నచోటనే ఉంటుంది, దాని చక్రాల కింద ఉక్కు రోలర్లు తిరుగుతుంటాయి. ఆ ఊరి పేరు పరీక్షా గది. అక్కడ ఏసీ ఆపి కొలిచిన అంకెనే ఇన్నేళ్ళుగా మనకు "లీటరుకు ఇన్ని కిలోమీటర్లు" అంటూ అరచేయంత అక్షరాలలో అచ్చు వేసి చూపిస్తున్నారు. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాలలో "నిర్ణీత పరీక్షా పరిస్థితులలో" అన్న ముక్క ఒకటుంటుంది. కురుక్షేత్రంలో ధర్మరాజు చనిపోయింది ఏనుగన్న మాటను గొంతు తగ్గించి అన్నాడట. ఈ ముక్క కూడా అలాంటి మాటే. అబద్ధమనడానికి వీల్లేదు. కానీ వినేవాడికి వినబడకూడదన్న ఉద్దేశం మాత్రం స్పష్టంగా ఉంది.

నేనుండేది నిజామాబాదులో. వారానికి రెండు మూడు సార్లు జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ పోయి వస్తుంటాను. మాకు మే నెల ఉంది. ఆ నెలలో ఎండ 45 డిగ్రీల దరిదాపులకు పోవడం మాకు వింత కాదు. పుష్యమాసంలో తెల్లవారుజామున అదే ఊళ్ళో పది పన్నెండు డిగ్రీల చలి ఉంటుంది. మధ్యలో వానాకాలం, నల్లరేగడి బురద. ఈ మూడు కాలాలలో ఒక్కటి కూడా ఆ అంకెలో లేదు. ఒక ప్రాంతపు మనుషులు బతికే వాతావరణమంతటినీ లెక్కలోంచి తీసేసి, ఆ లెక్కనే వారికి అమ్మడం అన్యాయమన్నదే ఈ టపాలో నా వాదం.

*

ముందుగా, వాతావరణం బండి మీద ఏం చేస్తుందో చూద్దాం. భావోద్వేగాలు పక్కన పెట్టి, లెక్క ప్రకారమే మాట్లాడుకుందాం.

కారు సంగతి తీసుకోండి. వేసవిలో దాని నెత్తిన పడే పెద్ద భారం ఏసీ. ఏసీ కంప్రెసరు ఇంజను నుండే శక్తి లాక్కుంటుంది. గంటసేపు ఎండలో నిలిపిన కారు లోపల బయటి కన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడి పేరుకుపోతుంది. తలుపు తీసి కూర్చోగానే ఆ వేడినంతా బయటికి తోయవలసిన పని ఇంజనుదే. అమెరికా ఇంధన శాఖ తన ప్రజలకు చెప్పే లెక్క ప్రకారం, తీవ్రమైన ఎండలో ఏసీ వాడకం వల్ల మైలేజీ నూటికి 25 పాళ్ళకు మించి కూడా పడిపోవచ్చు. దూరం తక్కువైనకొద్దీ నష్టం ఎక్కువ. మరి మా ఊళ్ళో కారు తిరుగుడు ఎలాంటిది? కంఠేశ్వర్ నుండి గాంధీ చౌక్‌కు, అక్కడినుండి ఫులాంగ్‌కు. అన్నీ రెండు మూడు కిలోమీటర్ల ప్రయాణాలే. లోపల చల్లబడే వేళకు దిగవలసిన చోటు వచ్చేస్తుంది. బండి మళ్ళీ ఎండలో నిలబడి కాగుతుంది. మళ్ళీ మొదటినుండి అదే పని.

ఏసీ లేని ద్విచక్ర వాహనం సంగతి వేరు. ఇక్కడ కొందరు చదువుకున్న మిత్రులు ఒక మాట అంటారు: "వేడిగాలి పలచన కదా, బండికి గాలి ఒరిపిడి తగ్గుతుంది, మైలేజీ పెరగాలి కదా?" నిజమే. 15 డిగ్రీల గాలి కన్నా 45 డిగ్రీల గాలి సాంద్రత పదింట ఒక వంతుకు దగ్గరగా తక్కువ. వేడెక్కిన టైరులో గాలి పీడనం పెరుగుతుంది. సుమారు ఐదారు డిగ్రీలకు ఒక పౌండు చొప్పున. దానితో టైరు తక్కువగా నలిగి, తేలికగా దొర్లుతుంది. ఇంజను కూడా త్వరగా వేడెక్కుతుంది. వీటిని దాచవలసిన అవసరం నాకు లేదు. వాతావరణం ఎప్పుడూ నష్టమే చేస్తుందని నేననడం లేదు. లాభమైనా నష్టమైనా ఆ అంకెలో దాని జాడ లేదంటున్నాను.

ఎండతోబాటు వీచే గాలి మాటేమిటి? దాని లెక్క చిన్న కాగితం మీద వేసుకోవచ్చు. గాలి ఒరిపిడి బలం, గాలికి ఎదురుగా మన వేగం ఎంతో దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీరు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తోంది. అప్పుడు బండి గాలిని 70 వేగంతో ఢీకొన్నట్టు. 50 వర్గం 2500. 70 వర్గం 4900. అంటే గాలి ఒరిపిడి దాదాపు రెట్టింపు. "తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుండి తోస్తుంది కదా, చెల్లుకు చెల్లు" అనుకుంటారేమో. చెల్లదు. అప్పుడు లెక్క 30 వర్గం, అంటే 900. పోను రాను సగటు తీస్తే 2900. గాలి లేని రోజుకన్నా నూటికి 16 పాళ్ళు ఎక్కువ. మొత్తం పెట్రోలు ఖర్చులో ఇది ఒక భాగమే. అయినా, పోయేటప్పుడు గాలి తీసుకున్నదంతా వచ్చేటప్పుడు తిరిగి ఇవ్వదన్నది గణితం. ఎడపల్లి దాటాక రెండు పక్కలా పొలాలు తప్ప అడ్డం లేని చోట బండి నడిపే ఎవరికైనా ఈ గణితం వంటబట్టే ఉంటుంది. పరీక్షా గదిలో మాత్రం కొలిచే రోజున గాలి ఎటునుండీ వీయదు.

ఇక వానాకాలం. తడి రోడ్డు మీద టైరు నీటిని పక్కకు తోసుకుంటూ పోవాలి. తడి, చల్లదనం వల్ల టైరు వేడెక్కదు, వేడెక్కని టైరు బరువుగా దొర్లుతుంది. గుంతలో నీళ్ళుంటే లోతు తెలియక బ్రేకు, మళ్ళీ గేరు. ఆగిన ప్రతిసారీ అప్పటిదాకా కూడబెట్టిన వేగం వేడిగా మారి వృథాగా పోతుంది. చెరకు తోట గట్టు మీది బాట పట్టిన ట్రాక్టరు సంగతి చెప్పనే అక్కరలేదు. నల్లరేగడిలో దిగబడిన చక్రాన్ని లాగడానికి తాగిన డీజిలు ఏ ప్రకటనలోనూ లెక్కకు రాదు.

చలికాలంలో ఇంజను ఆయిలు చిక్కబడుతుంది. చల్లని ఇంజనుకు మొదట ఎక్కువ ఇంధనం పోయాలి. గాలి చిక్కగా ఉంటుంది. అమెరికా లెక్కలలో, సున్నాకు దిగువన 7 డిగ్రీల చలిలో పట్టణంలో తిరిగే పెట్రోలు కారు మైలేజీ, 25 డిగ్రీలప్పటి కన్నా నూటికి 15 పాళ్ళ మేర తక్కువ. మరీ దగ్గరి ప్రయాణాలలో 24 పాళ్ళ దాకా తగ్గవచ్చు. మా చలి అంతటిది కాదు, కనుక మా నష్టమూ అంత ఉండదు. మా నష్టమంతా వేసవిది. అందుకే ఈ టపాకు ఆ శీర్షిక.

*

ఈ సంగతులు బండ్లు తయారుచేసేవారికి తెలియవా? నాకన్నా వెయ్యి రెట్లు బాగా తెలుసు. అయినా మైలేజీ తగ్గిందని పోయి అడిగినవాడికి దొరికే జవాబు ఒక్కటే. ఒక మే నెలలో నేనూ ఆ జవాబు విన్నాను. కారు సర్వీసింగుకు ఇచ్చిన చోట, చల్లని గదిలో కూర్చున్న యువకుడు, నేను చెప్పింది పూర్తిగా వినకముందే, "డ్రైవింగు స్టైలు మార్చుకోవాలి సార్" అన్నాడు. బయట ఎండ ఎంత ఉందో ఆ గది అద్దంలోంచి చూస్తే తెలుస్తూనే ఉంది. ఆ యువకుణ్ణి తప్పుపట్టను, అతనికి నేర్పిన పాఠం అది. నా గొడవ ఆ పాఠంతోనే. వాతావరణం చేసిన ఖర్చును నడిపేవాడి స్వభావదోషంగా మార్చి చెప్పడం అందులోని కిటుకు. తప్పు తనదేనని నమ్మినవాడు ఇంకెవరినీ ప్రశ్నించడు.

నాలాంటివాడికి ఇది కాస్త చికాకు మాత్రమే. బండి మీదే బతికేవాడి సంగతి ఆలోచించండి. బోధన్, నిజామాబాదుల మధ్య తిప్పుదామని అప్పు తీసి ఆటో కొన్నవాడు, షోరూములో చెప్పిన మైలేజీని పట్టుకుని రోజు ఖర్చు లెక్కవేస్తాడు. ఆ లెక్క మీదనే నెలవారీ కిస్తీకి ఒప్పుకుంటాడు. కిస్తీకి కాలాలు లేవు, అన్ని నెలలూ ఒకటే. తేడా వచ్చినప్పుడు కోత పడేది అతని ఇంటి ఖర్చులోనే. మన ఆర్టీసీలో డ్రైవరు పనితనాన్ని కొలిచే కొలబద్దలలో కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది, ఒకటి. బాగా తెచ్చినవారికి బహుమతులున్నాయి. పొదుపు మంచిదే, నేర్పుగా నడిపేవారు గొప్పవారే. కానీ డిసెంబరు లెక్కనూ జులై లెక్కనూ పక్కపక్కన పెట్టి మనిషిని తూచడం న్యాయమా? తూచవలసింది అదే నెలలో, అదే దారిలో నడిపిన మరొక మనిషితో.

*

ఇక్కడ ఎదురుపక్షం వారి గట్టి వాదం ఒకటుంది. దానికి జవాబు చెప్పకుండా దాటిపోలేను. "అన్ని బండ్లనూ ఒకే పరిస్థితిలో కొలిస్తేనే కదా ఒకదానితో ఒకటి పోల్చగలం? ఊరికొక వాతావరణం ఉంటుంది, ఎన్నని కొలుస్తాం?" అంటారు.

పోల్చడానికి ఒకే పరిస్థితి కావాలి, ఒప్పుకుంటాను. ఆ ఒక్క పరిస్థితి మనకు రానిదే ఎందుకు కావాలి? ఏసీ ఆపి కొలిస్తే సమానంగా తేలిన రెండు కార్లు, 40 డిగ్రీల ఎండలో ఏసీ వేసి కొలిస్తే సమానంగా తేలుతాయన్న హామీ లేదు. ఒకదాని కంప్రెసరు మంచిది కావచ్చు, మరొకదాని అద్దాలు వేడిని ఎక్కువగా లోపలికి రానిస్తుండవచ్చు. మేము కొనేటప్పుడు పోల్చుకోవలసిన అసలు గుణం అదే. ఆ పరీక్ష దాన్నే దాచిపెడుతోంది.

ఎన్నని కొలుస్తారన్న ప్రశ్నకు జవాబు అమెరికా ఎప్పుడో ఇచ్చింది. అక్కడ 2008 మోడలు కార్ల నుండి స్టిక్కరు మీది మైలేజీకి ఒకటి కాదు, ఐదు పరీక్షలు ఆధారం. వాటిలో ఒకటి 35 డిగ్రీల వేడిలో, ఎండను పోలిన దీపాల కింద, ఏసీ వేసి చేసేది. మరొకటి సున్నాకు దిగువన 7 డిగ్రీల చలిలో చేసేది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కారు కొన్న మన తెలుగు మిత్రులు చూసిన అంకెలో ఎండా చలీ రెండూ కొంత ఉన్నాయి. వాళ్ళ అమ్మానాన్నలు నిజామాబాదులో కొన్న కారు అంకెలో ఏదీ లేదు. అంతకన్నా ఎక్కువ వేడిలో బతికేవారికి అంతకన్నా తక్కువ నిజం చెప్పడానికి కారణమేమిటో నాకు అంతుబట్టదు.

మన కార్ల పరీక్షకు మూలం యూరపు పద్ధతి. దాన్ని మనకు తగినట్టు సవరించామని చెబుతారు. ఏం సవరించారు? మన రోడ్ల మీద అంత వేగం కుదరదని గరిష్ఠ వేగాన్ని గంటకు 90 కిలోమీటర్లకు తగ్గించారు. అంటే, పరీక్ష స్థానిక పరిస్థితికి తగ్గట్టు ఉండాలన్న సూత్రం వారికి తెలుసు. వేగాన్ని భారతీకరించారు. ఎండను మాత్రం యూరపులోనే వదిలేశారు. ఏసీ వేసి కూడా కొలవాలన్న చర్చ మన దేశంలో ఇప్పుడిప్పుడే వినబడుతోంది. సంతోషమే. కానీ అది ఏ వేడిలో కొలుస్తారన్నదీ, ఆ అంకెను ఎంత పెద్ద అక్షరాలలో చూపిస్తారన్నదీ తేలేదాకా నా సంతోషాన్ని దాచుకుంటాను.

కరెంటు బండ్లు వస్తే ఈ బాధ తీరుతుందని కొందరి ఆశ. అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో ఐదు విద్యుత్ కార్లను పరీక్షించి చెప్పిన లెక్క చూడండి. 35 డిగ్రీల వేడిలో ఏసీ వేస్తే ఒక్క చార్జింగుకు పోగల దూరం సగటున నూటికి 17 పాళ్ళు తగ్గింది. ఏసీ ఆపితే తగ్గింది 4 పాళ్ళే. అంటే ఎండ నేరుగా తినేది కొద్దే, ఎండనుండి మనిషిని కాపాడడానికి అయ్యే ఖర్చే ఎక్కువ. పెట్రోలు బండికి దారిలో బంకులుంటాయి. చార్జింగు అయిపోయిన బండి ఎడపల్లి దగ్గర ఆగితే? కరెంటు బండి కొనేవాడికి మే నెల అంకె మరింత ముఖ్యం.

*

చెరకు సీమలో ఉండి ఇంధనం గురించి రాస్తూ ఇథనాలును ప్రస్తావించకపోతే ఈ లెక్క పూర్తికాదు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు ఈ ప్రాంతాన్ని చెరకు సీమగా మార్చాయి. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. 2002లో అందులోని మెజారిటీ వాటా ప్రైవేటు చేతులకు పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూశారు. తెరిపిస్తామన్న మాటలు అప్పటినుండి వింటూనే ఉన్నాం. ఊరి మిల్లు మూతపడ్డాక మిగిలిన చెరకు దూరపు మిల్లులకు లారీలమీద, ట్రాక్టర్లమీద పోవలసి వచ్చింది. అంటే మరిన్ని కిలోమీటర్లు, మరింత డీజిలు.

ఇదే కాలంలో దేశమంతటా పెట్రోలులో ఇథనాలు పాలు పెరుగుతూ 2025 నాటికి నూటికి 20కి చేరింది. చెరకు నుండి, మొక్కజొన్న, నూకల వంటి ధాన్యాల నుండి తీసేదే ఈ ఇథనాలు. లీటరు ఇథనాలులో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉన్నదానికన్నా మూడింట ఒక వంతు తక్కువ. దానికీ వాతావరణానికీ చుట్టరికం ఉంది. ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా రెట్టింపుకు మించిన వేడి కావాలి కనుక చలిలో ఇంజనును సతాయిస్తుంది. తేమను పీల్చుకుంటుంది కనుక వానాకాలంలో టాంకులోకి నీరు చేరితే మరింత ఇబ్బంది. నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన ప్రణాళికలోనే అంచనాలున్నాయి. మామూలు పెట్రోలు కోసం తయారై, 10 పాళ్ళ మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో ఈ 20 పాళ్ళ మిశ్రమం వల్ల మైలేజీ 6 నుండి 7 పాళ్ళు, అటువంటి ద్విచక్ర వాహనాలలో 3 నుండి 4 పాళ్ళు తగ్గుతుందని. శక్తి తగ్గినందుకు ఈ ఇంధనం ధర మామూలు పెట్రోలు కన్నా తక్కువ ఉండాలనీ అదే పత్రం సూచించింది. శక్తి తగ్గడం అమలయింది. ధర తగ్గడం కాగితం మీదే ఉండిపోయింది.

నేను ఇథనాలుకు వ్యతిరేకిని కాను. చెరకు రైతుకు నాలుగు రూపాయలు వస్తాయంటే బోధన్ దారిలో తిరిగేవాడు వద్దంటాడా? కానీ లెక్క చెప్పి తీసుకోవాలి. ఎండ కోత ఒకటి, ఇంధనం కోత ఒకటి. రెండింటినీ చెప్పకుండా కోసి, మూడో కోతగా "మీ డ్రైవింగు బాగాలేదు" అన్న నిందను తగిలించడమే నేను సహించలేనిది.

*

చివరగా మనవాళ్ళతో ఒక మాట. "తెల్లవారగానే పెట్రోలు పోయించుకో, చల్లగా ఉంటుంది, ఎక్కువ వస్తుంది" అన్న సలహా మా ఊళ్ళో ప్రతి టీకొట్టు దగ్గరా ఉచితంగా దొరుకుతుంది. పెట్రోలు 10 డిగ్రీల వేడికి నూటికి ఒక పాలు వ్యాకోచిస్తుంది, నిజమే. కానీ బంకు టాంకు భూమి లోపల ఉంటుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ దాని వేడిలో వచ్చే తేడా అత్యల్పం. ఆ ఒక పాలులో ఏ కొంచెమో మిగుల్చుకుందామని పొద్దున్నే లేచి పోయే మనం, ప్రకటనలో పోయే ఇరవై పాళ్ళను ఎందుకు అడగం?

అడగవలసినవి మూడే. మొదటిది, ప్రతి బండికీ రెండు అంకెలుండాలి. ఒకటి ఇప్పుడున్న గది అంకె, రెండవది 40 డిగ్రీలకు తగ్గని వేడిలో, ఏసీ ఉన్న బండికి ఏసీ వేసి కొలిచినది. రెండూ ఒకే సైజు అక్షరాలలో ఉండాలి, పక్కన ఉష్ణోగ్రత రాసి ఉండాలి. కరెంటు బండి పోగల దూరానికీ ఇదే నియమం. రెండవది, ఇంధనంలో శక్తి తగ్గితే ధర తగ్గాలి, తగ్గించకపోతే ఆ సంగతి బంకులో బోర్డు మీద రాసి చెప్పాలి. మూడవది, మైలేజీతో మనిషిని కొలిచే ప్రతి యజమానీ నెలను, దారిని లెక్కలోకి తీసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ కొత్త శాస్త్రం కనిపెట్టమని అడిగేది కాదు. కొలిచినదాన్ని కొలిచినట్టు చెప్పమని అడిగేది.

రామగుండం, రెంటచింతల, విజయవాడ మిత్రులకు నా కష్టం ఇంకా బాగా అర్థమవుతుంది. బండి ఉన్నవారంతా ఒక్క ఏడాది పాటు నెలనెలా పోయించిన పెట్రోలు, తిరిగిన దూరం రాసిపెట్టండి, పక్కనే ఆ నెల ఎండ ఎంతో కూడా రాయండి. వచ్చేసారి ఎవరైనా "మీ డ్రైవింగు" అని మొదలుపెడితే ఆ కాగితం ముందు పెట్టండి. ఎండ లేని గదిలో పుట్టిన అంకెకు, ఎండలో పుట్టిన అంకే జవాబు.